గాంధారం తప్పా, కొలబద్ద తప్పా?

ప్రతి శనివారం పదిన్నరకు మా బడిలో అక్షరాల తరగతి ముగియగానే పక్క గదిలో సంగీతం తరగతి మొదలవుతుంది. పిల్లలు పది పన్నెండు మంది. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి, దానికొక చిన్న స్పీకరు తగిలించి, మాయామాళవగౌళలో సరళీ వరుసలు పాడిస్తాం. మాలో ఎవరమూ విద్వాంసులం కాము. చిన్నప్పుడు నాలుగైదేళ్ళు నేర్చుకుని, ఇంజనీరింగు సీటు రాగానే వదిలేసిన వాళ్ళమే ఎక్కువ. అయినా మాకు వచ్చినంత వరకు పిల్లలకు అందిద్దామన్న తాపత్రయం.

కిందటేడు ఈ తరగతిలో జరిగిన ఒక పొరపాటు గురించి ఈ సంచికలో రాయాలనుకున్నాం. పొరపాటు మాదే. వచ్చే ఏడాది నుంచి తంబురా తీసేసి, పిల్లలందరి చేతా కీబోర్డు మీదే పాడించాలన్న ప్రతిపాదన ఇప్పుడు మన కమిటీ ముందు ఉంది. దాని మీద మా అభిప్రాయం చెప్పాలంటే ముందుగా ఈ సంగతి చెప్పక తప్పదు.

తరగతిలో తొమ్మిదేళ్ళ పాప ఒకతె ఉంది. గొంతు సన్నం, శ్రద్ధ ఎక్కువ. అందరికీ గాంధారం దగ్గర గొంతు అటూ ఇటూ ఊగుతుంటే, ఆ పాప మాత్రం నిటారుగా నిలబెట్టేది. ఆ రోజుల్లోనే మాలో ఒకరు, గిటారు శ్రుతి చేసుకోవడానికి వాడే ట్యూనర్ యాప్ ఒకటి తెచ్చారు. స్వరం సరిగ్గా ఉంటే తెర మీద ఆకుపచ్చ, తప్పితే ఎరుపు. పిల్లలకు ఆటలా ఉంటుందని ఒక్కొక్కరి చేతా పాడించాం. ఆ పాప వంతు వచ్చింది. షడ్జమం ఆకుపచ్చ, పంచమం ఆకుపచ్చ. గాంధారం దగ్గర ఎరుపు వచ్చింది. "14 తక్కువ" అని చూపించింది. మళ్ళీ పాడించాం, మళ్ళీ అంతే. "కొంచెం పైకి పాడమ్మా, తగ్గుతోంది" అని సరిదిద్దాం. తోటి పిల్లలు నవ్వారు. పాప గొంతు పైకి లాగింది. తెర ఆకుపచ్చగా మారింది. మేము చప్పట్లు కొట్టాం.

ఆ తరువాత రెండు వారాలు పాప తరగతికి రాలేదు. మూడో వారం వాళ్ళ అమ్మమ్మగారు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఆవిడ విజయనగరం నుంచి ఆరు నెలలకని వచ్చినావిడ. తరగతి అయ్యేదాకా వెనక కుర్చీలో కూర్చుని, అందరూ వెళ్ళాక మాతో నెమ్మదిగా అన్నారు: "అమ్మా, ఏమీ అనుకోకండి. పిల్ల పాడిన గాంధారం తంబురాలో కలిసిపోతోంది. మీరు దిద్దిందే కలవడం లేదు. ఆ పెట్టెను కాసేపు పక్కన పెట్టి చెవితో వినండి."

మేము విన్నాం. ఆవిడ చెప్పిందే నిజం. ఎందుకు నిజమో తెలుసుకోవడానికి మాత్రం మాకు నెల రోజులు పట్టింది. ఇంటర్ తెలుగు మాధ్యమంలో చదివినవారికి పౌనఃపున్యం, అనుస్వరాలు, విస్పందనాలు అన్న మాటలు గుర్తుండే ఉంటాయి. అవన్నీ పరీక్ష రాసి మరిచిపోయిన మాటలు. ముప్పై ఏళ్ళ తరువాత ఒక చిన్నపిల్ల గొంతు కోసం వాటిని మళ్ళీ వెతుక్కోవలసి వచ్చింది.

స్వరాల వెనక భిన్నాలు

లెక్క సులువుగా ఉండటానికి షడ్జమం సెకనుకు 240 కంపనాలు అనుకుందాం. పై షడ్జమం దానికి సరిగ్గా రెట్టింపు, అంటే 480. పంచమం షడ్జమానికి 3/2 వంతు, 360. శుద్ధ మధ్యమం 4/3 వంతు, 320. పిల్లలు మాయామాళవగౌళలో పాడే అంతర గాంధారం 5/4 వంతు, అంటే 300. మిగిలినవి కూడా ఇలాగే చిన్న చిన్న భిన్నాలు. శుద్ధ రిషభం 16/15తో 256, శుద్ధ ధైవతం 8/5తో 384, కాకలి నిషాదం 15/8తో 450. మన పిల్లలు మొట్టమొదట నేర్చుకునే రాగంలో స్వరాలన్నీ ఐదో తరగతి భిన్నాల లెక్కకు అందేవే.

తీగ మీదైతే ఇది కంటికే కనబడుతుంది. 90 సెంటీమీటర్ల తీగను 45 దగ్గర నొక్కి మీటితే పై షడ్జమం పలుకుతుంది. 60 మిగిలేలా నొక్కితే పంచమం, 72 మిగిలేలా నొక్కితే గాంధారం. ఒక స్కేలు, ఒక తీగ ఉంటే చాలు.

చెవికి ఈ భిన్నాలే ఎందుకు ఇంపుగా ఉంటాయి? తీగ మీటినప్పుడు ఒక్క కంపనమే పుట్టదు. 240తో పాటు దాని రెట్లు 480, 720, 960, 1200 కూడా సన్నగా మోగుతుంటాయి. ఇవే అనుస్వరాలు. గాంధారం 300 అయితే దాని నాలుగో రెట్టు 1200. షడ్జమం ఐదో రెట్టూ 1200. రెండూ ఒకదానిలో ఒకటి ఒదిగిపోతాయి. అమ్మమ్మగారు "కలిసిపోతోంది" అన్నది దీన్నే. మంచి తంబురాను శ్రద్ధగా వింటే, ఎవరూ మీటని గాంధారం దానంతటదే వినిపిస్తుంది. దానికి మనవాళ్ళు పెట్టుకున్న పేరు స్వయంభూ గాంధారం.

ఇది భక్తితో చెప్పుకునే మాట మాత్రమే కాదు. చిన్నతనంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1920లో మృదంగం మీద, 1921లో తంబురా, వీణల మీద పరిశోధన పత్రాలు ప్రచురించారు. తంబురా మేరువు వంపుగా ఉండటం వల్ల, తీగ దాన్ని తాకుతూ విడుస్తూ కంపించడం వల్ల, మామూలు సూత్రం ప్రకారం వినబడకూడని అనుస్వరాలు కూడా బలంగా వినబడతాయని ఆయన గమనించారు. జీవాళి కోసం తీగ కింద దూర్చే నూలు పోగు చేసే పని కూడా ఇదే.

మరి కీబోర్డులో ఏం జరుగుతుంది?

భిన్నాలతో ఒక చిక్కు ఉంది. షడ్జమం నుంచి పంచమానికి, ఆ పంచమాన్ని షడ్జమంగా చేసుకుని దాని పంచమానికి, ఇలా పన్నెండుసార్లు ఎక్కితే ఏడు స్థాయిల పైనున్న షడ్జమం దగ్గరకు చేరాలి. దాదాపు చేరతాం, కానీ సరిగ్గా చేరం. 3/2ను పన్నెండుసార్లు హెచ్చిస్తే 129.75 వస్తుంది. 2ను ఏడుసార్లు హెచ్చిస్తే 128. ఎన్నిసార్లు ఎక్కినా ఈ రెండూ కలవవు. కారణం పిల్లలకు కూడా చెప్పవచ్చు. 3ను ఎన్నిసార్లు హెచ్చించినా బేసి సంఖ్యే వస్తుంది. 2ను ఎన్నిసార్లు హెచ్చించినా సరి సంఖ్యే వస్తుంది. బేసి, సరి ఎప్పటికీ ఒకటి కావు. సంగీత ప్రపంచమంతా రెండు వేల ఏళ్ళకు పైగా తల పట్టుకున్న సమస్యకు మూలం ఈ ఒక్క వాక్యమే.

దీనికి ఒక రాజీ మార్గం, స్థాయిని పన్నెండు సమాన మెట్లుగా కోసేయడం. ఒక్కో మెట్టుకు 1.0595 రెట్లు. ఆ సంఖ్యను పన్నెండుసార్లు హెచ్చిస్తే 2 వస్తుంది. చైనాలో ఝూ జాయ్‌యూ 1584లో, ఐరోపాలో దాదాపు ఆ కాలంలోనే సైమన్ స్టెవిన్ ఈ లెక్క వేశారు. ఈనాటి పియానో, కీబోర్డు, ట్యూనర్ యాప్ అన్నీ దీన్నే పాటిస్తాయి. ఇందులో పంచమం 359.6. అసలైన 360కి ఎంతో దగ్గర. అందుకే పాప పంచమం యాప్‌లో ఆకుపచ్చగా వచ్చింది. గాంధారం మాత్రం 302.4. అసలుకు పైన 2.4 కంపనాలు. ఒక మెట్టును వంద భాగాలు చేస్తే అందులో 14 భాగాలు. యాప్ చూపించిన 14 ఇదే!

అంటే ఆ పాప తగ్గించి పాడలేదు. యంత్రం కొలబద్దే పెంచి ఉంది. మేము దిద్దిన 302.4 తంబురా పక్కన మోగితే ఏమవుతుంది? దాని నాలుగో రెట్టు 1209కి పైన, షడ్జమం ఐదో రెట్టు 1200. ఈ రెండూ కలవక సెకనుకు తొమ్మిదిసార్లకు పైగా గరగరమని కొట్టుకుంటాయి. ఇవే విస్పందనాలు. అమ్మమ్మగారి చెవికి ముల్లులా తగిలింది ఆ గరగరే.

కీబోర్డు మన శత్రువు కాదు

ఇంత చెప్పాక, కీబోర్డును బయట పారేయమంటారా అని అడగవచ్చు. అనం. ఆ రాజీ పద్ధతికి తనదైన కారణం ఉంది. పాశ్చాత్య సంగీతంలో ఒకే రచన మధ్యలో ఆధార శ్రుతి మారిపోతుంది. పది వాద్యాలు ఒకేసారి వేర్వేరు స్వరాలు పలుకుతాయి. ప్రతి మలుపు దగ్గరా పియానో తీగలు మళ్ళీ బిగించడం సాధ్యం కాదు. ఏ మెట్టు నుంచి మొదలుపెట్టినా ఒకేలా వినిపించాలంటే, అన్నిటికీ కాస్త కాస్త తప్పు సమానంగా పంచడమే దారి. ఆ తప్పును అంత పొదుపుగా పంచిన తెలివి చిన్నది కాదు.

మన ఇంట కూడా ఈ వాదం కొత్తది కాదు. ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని తన స్టూడియోల నుంచి బహిష్కరించింది. గమకం పలకదు, శ్రుతులు పలకవు అన్నది ప్రధాన ఆరోపణ. 1970ల మొదట్లో గాని ఆ నిషేధం సడలలేదు. అయితే అదే హార్మోనియం మన పద్యనాటకాన్ని ఊరూరా మోసింది. దాని పక్కన నిలబడి రాగం తీసిన నటులను మన తాతలు తెల్లవార్లూ కూర్చుని విన్నారు. కాబట్టి వాద్యాన్ని తిట్టడం కృతఘ్నత.

ఇది స్వదేశీ, విదేశీ గొడవ కూడా కాదు. వయొలిన్ ఐరోపా నుంచే వచ్చింది. దానికి మెట్లు లేవు. వేలు ఎక్కడ కావాలంటే అక్కడ నిలుస్తుంది. అందుకే అది మన సంగీతంలో ఇమిడిపోయింది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది విజయనగరం వాద్యమే అయింది. వీణకు మెట్లున్నా, అవి మైనంలో చెవితో కూర్చినవి. పైగా తీగను పక్కకు లాగి గమకం పలికించవచ్చు. కీబోర్డు మీటకు ఆ వెసులుబాటు లేదు. పిల్ల ఎలా పాడినా అది తన మాటే చెబుతుంది.

మనం తెలుగు బడి వాళ్ళం కాబట్టి ఇంకో పోలిక చెబుతాం. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పిల్లవాడికి 'ల', 'ళ' రెండూ ఒకటే అనిపిస్తాయి. ఆ అక్షరమాలలో రెంటికీ ఉన్నది ఒకటే అక్షరం. అది ఆ అక్షరమాల లోపం కాదు, అది మరో భాష కోసం పుట్టింది. కానీ 'కళ' అని సరిగ్గా పలికే పిల్లను "నీ పలుకు తప్పు, ఇందులో ఆ అక్షరం లేదు" అని ఎవరైనా దిద్దితే మనం ఊరుకుంటామా? గాంధారం విషయంలో మేము చేసింది సరిగ్గా అదే.

గొప్పలు వద్దు, కొలతలు చాలు

ఇక రెండో వైపు జాగ్రత్త. ఈ మాటలు చదివి, "మనవాళ్ళకు అంతా ముందే తెలుసు" అని ఛాతీ విరుచుకోవడం కూడా మాకు ఇష్టం లేదు. భరతుని నాట్యశాస్త్రంలో స్థాయికి 22 శ్రుతులున్న మాట నిజం. ఒక వీణను కదపకుండా ఉంచి, రెండో వీణ తీగలను మెట్టు మెట్టుగా దించుతూ వాటిని పోల్చి చూపిన ప్రయోగమూ నిజం. కానీ ఆ 22కూ భిన్నాలు ఆయన ఇవ్వలేదు. అవి తరువాతి వారు కట్టిన లెక్కలు. విజయనగర రాజ్యంలో రామరాయల ఆదరణలో రామామాత్యుడు 1550లో స్వరమేళకళానిధి రాశాడు. అందులో వీణ మెట్లను ఎక్కడెక్కడ నిలపాలో చెప్పడానికి ఎంత తంటాలు పడ్డాడో చూస్తే, ఇది అప్పటికీ తేలిన విషయం కాదని తెలుస్తుంది. ఈనాటి విద్వాంసుల గొంతును యంత్రాలతో కొలిచినా స్వరాలు భిన్నాల మీద గీత గీసినట్టు కూర్చోవు. రాగాన్ని బట్టి, గమకాన్ని బట్టి కదులుతుంటాయి. భిన్నం నిలిచి ఊపిరి తీసుకునే చోటు మాత్రమే. సరళీ వరుసల్లో స్వరాన్ని నిలబెట్టడం నేర్పుతాం కనుక ఆ చోటు పిల్లలకు ముందు తెలియాలి.

వాట్సాప్‌లో తిరిగే ఇంకో వింత కూడా ఉంది. 440 మనిషిని చెడగొట్టే శ్రుతి అట, 432 విశ్వం శ్రుతి అట. మాలో ఇద్దరు ముగ్గురం దీన్ని నమ్మి ఇతరులకు పంపినవాళ్ళమే. నిజానికి 440 అన్నది ఒక ఒప్పందం. ఫ్రాన్సు 1859లో 435 అని చట్టం చేసింది. 1939లో లండన్‌లో జరిగిన సమావేశం 440 అంది. 1955లోను, మళ్ళీ 1975లోను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్నే ఖాయం చేసింది. దేశదేశాల వాద్యాలు ఒక వేదిక మీద కలిసి మోగాలి కదా! ఇక 432లో మహిమ ఉండాలంటే ముందు 'సెకను'లో మహిమ ఉండాలి. రోజును 86,400 ముక్కలు చేసుకున్నది మనుషులే. మన సంప్రదాయం ఈ గొడవకే పోదు. ఎవరి గొంతుకు ఏది హాయో అదే వారి షడ్జమం. ఒకరు ఒకటిన్నర శ్రుతి, ఒకరు ఐదున్నర. ముఖ్యమైనది షడ్జమం ఎక్కడుందన్నది కాదు, మిగిలిన స్వరాలు దానితో ఏ నిష్పత్తిలో ఉన్నాయన్నది.

మా మనవి

కమిటీ పెద్దలకు, తల్లిదండ్రులకు మేము విన్నవించుకునేవి నాలుగు.

ఒకటి, మొదటి రెండేళ్ళు పిల్లలు తంబురాతోనే పాడాలి. యాప్ ఉచితంగానే దొరుకుతుంది కాబట్టి ఖర్చు సమస్య లేదు. వార్షికోత్సవంలో కీబోర్డు ఉంటే నిండుగా ఉంటుందన్న వాదన మాకూ తెలుసు. వేదిక ఏడాదికి ఒక్క రోజు. చెవి తయారయ్యేది మిగతా శనివారాల్లో.

రెండు, ట్యూనర్‌తో పిల్లల గొంతుకు మార్కులు వేయడం మానాలి. షడ్జమం ఏ శ్రుతిలో ఉందో చూసుకోవడానికి అది పనికివస్తుంది. అక్కడితో దాని పని అయిపోయింది.

మూడు, మూడో ఏడు నుంచి కీబోర్డు నేర్పుదాం, అదొక వేరే వాద్యంగా. రెంటికీ తేడా వినిపించి, కారణం చెప్పి నేర్పుదాం. మన పిల్లలు స్కూల్లో పియానోతో కోరస్ పాడతారు. అక్కడ 302.4 పాడాల్సిందే. ఇంట్లో ఒక భాష, బయట ఒక భాష తడబడకుండా మాట్లాడే పిల్లలకు రెండు గాంధారాలు బరువు కావు. తేడా ఉందని చెప్పకపోవడమే బరువు.

నాలుగు, ఈ లెక్కలను తెలుగు తరగతిలోనే తెలుగులో చెబుదాం. భిన్నం, నిష్పత్తి, సరి, బేసి అన్న మాటలు పిల్లలకు వేరే ఎక్కడ వినబడతాయి? మేళకర్తల పేర్లతో అక్షరమాల కూడా వల్లె వేయించవచ్చు. కటపయాది పద్ధతిలో 'మా'కు 5, 'య'కు 1. తిరగవేస్తే 15. మాయామాళవగౌళ పదిహేనో మేళకర్త. 'ధీ'కి 9, 'ర'కు 2. తిరగవేస్తే 29, ధీరశంకరాభరణం. వర్గాక్షరాలు వరుసగా రానిదే ఈ ఆట ఆడలేరు. అక్షరాలు నేర్చుకోవడానికి మన పిల్లలకు ఇంతకంటే మంచి ఎర మాకు దొరకలేదు. కిందటి నెలలో ఒకరోజు ఆడించి చూశాం, గంట కొట్టినా లేవలేదు.

ఆ పాప సంగతి చెప్పి ముగిస్తాం. తరగతిలో అందరి ముందూ "అప్పుడు నువ్వు పాడిందే సరి, మేము దిద్దిందే తప్పు" అని చెప్పాం. బోర్డు మీద 300, 302.4 రాసి చూపించాం. నవ్విన పిల్లలే ఆ రోజు చప్పట్లు కొట్టారు. అమ్మమ్మగారు వీసా గడువు తీరి ఊరికి వెళ్ళిపోయారు. పాప క్రమం తప్పకుండా వస్తోంది. కానీ ఇప్పటికీ గాంధారం దగ్గరకు వచ్చేసరికి ఒక్క క్షణం ఆగి మా ముఖాల వంక చూస్తుంది, తరువాతే అందుకుంటుంది. మునుపు ఆ ఆగడం ఉండేది కాదు. ఒక్క శనివారం మేము పెట్టిన అనుమానం అది. మిగిలిన పిల్లలకు అది పెట్టకుండా ఉందామనే మా ఈ మనవి.